కాసియో ఎఫ్‌ఎక్స్-7000జి: సేకరణకు తగిన తొలి గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్

1985లో కాసియో విడుదల చేసిన ఎఫ్‌ఎక్స్-7000జి, సామాన్య వినియోగదారులకు అందిన తొలి గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ కనుక, పాత యంత్రాలను ప్రేమించేవారు దీనిని ప్రత్యేకంగా వెదకడం సహజం. తెరపై ఉన్నవి అడ్డంగా 96, నిలువుగా 64 చుక్కలు మాత్రమే. అయినా వాటిపై సైన్ వక్రం ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా రూపుదిద్దుకుంటున్నప్పుడు, ప్రమేయం విలువ ఎక్కడ పెరుగుతోందో, ఎక్కడ తగ్గుతోందో కంటితోనే అనుసరించగలం. పూర్తి చిత్రాన్ని క్షణంలో చూపే నేటి ఫోన్లు ఈ ఆనందాన్ని ఇవ్వలేవని నా దృఢమైన అభిప్రాయం. ప్రోగ్రాములకు దక్కేది 422 బైట్లే. వర్గ సమీకరణం మూలాలను కనుగొనే ప్రోగ్రాము అందులో సులభంగానే ఇముడుతుంది, పైగా ఆ ఇరుకే ప్రతి అడుగునూ పొదుపుగా రాయడం అలవాటు చేస్తుంది.

మెనూల సౌలభ్యం కోరేవారికి టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ తెచ్చిన 1990 నాటి గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ టీఐ-81 మరింత అనుకూలం. అయితే అందులో వాడే ఆల్కలైన్ బ్యాటరీలను ఏళ్ల తరబడి లోపలే వదిలేస్తే, రసాయనం కారి లోహపు స్పర్శపత్రాలను తినివేసే ప్రమాదం ఉంది. కాసియోలోని బిళ్ల బ్యాటరీలతో ఆ బెడద తక్కువ. ఏది కొన్నా, ముందుగా బ్యాటరీ గది తెరిపించి చూడాలి. తెరలో ఏ వరుసైనా వెలగకుండా పోయిందేమో పరీక్షించాలి, ఎందుకంటే మీట మొరాయిస్తే శుభ్రం చేసుకోవచ్చు గానీ తెర పాడైతే బాగుచేయడం చాలా కష్టం.