బీటీఐ దోమల మందు: వానాకాలానికి కొనండి, సెప్టిక్ ట్యాంకు కోసమైతే వద్దు

దోమల మందు అనగానే మనకు కాల్చే కాయిల్ చుట్టో, ప్లగ్గులో పెట్టే సీసానో, సాయంత్రం వీధిలో కొట్టే పొగో గుర్తొస్తుంది. ఇవన్నీ ఎగిరే దోమ కోసం. బీటీఐ అలాంటిది కాదు. నీళ్ళలో ఈదే దోమపిల్ల, అంటే లార్వా, దీన్ని తింటేనే చస్తుంది. తినకపోతే మందులోనే మునిగి ఉన్నా దానికేమీ కాదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే మందు ఏ నెలలో కొనాలో, ఎక్కడ పోయాలో, ఎక్కడ పోస్తే డబ్బు దండగో మనకే అర్థమవుతుంది. సీసాతో పాటు వచ్చిన కాగితంలో ఆ ముక్క లేనే లేదు. ఏ కాలమైనా, ఏ నీళ్ళైనా ఒకే మోతాదు అని రాసి ఊరుకున్నారు. నాకు బాధనిపించింది అక్కడే. మంచి మందుని సరిగ్గా చెప్పకుండా అమ్మితే జనం ఒకసారి వాడి పక్కన పడేస్తారు.

మాది విజయవాడ. కాలువకు దగ్గర్లో ఇల్లు, పై వాటాలో అద్దెకున్నవాళ్ళు. ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తుంటాను. నేను తెప్పించింది లీటరు సీసా. చిక్కగా, గోధుమ రంగులో, కొంచెం పులిసిన వాసనతో ఉంది. పౌడరూ, గుళికలూ కూడా దొరుకుతాయి.

ఇది రసాయనం కాదు, ఒక బాక్టీరియా. పూర్తి పేరు బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇస్రాయెలెన్సిస్. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారి ప్రాంతంలో, దోమపిల్లలు చచ్చి తేలుతున్న ఓ నీటి గుంటలో దొరికింది. దీనిలో ప్రొటీన్ స్ఫటికాలుంటాయి. లార్వా పేగులో క్షారగుణం ఎక్కువ కాబట్టి అవి అక్కడ కరిగి పేగు గోడకు చిల్లులు పెడతాయి. మన కడుపులో ఉండేది ఆమ్లం, అక్కడ ఆ పని జరగదు. చేపలకూ, తూనీగ పిల్లలకూ హాని లేదు. మా ఇంటి తొట్టిలో గప్పీ చేపలున్నాయి, మందు పడిన తర్వాత కూడా హాయిగా తిరుగుతున్నాయి. అయినా తాగే నీళ్ళలో మాత్రం నేను పోయను. ఆ బిందెలు వారానికోసారి ఖాళీ చేసి, తోమి, ఆరబెట్టుకుంటే చాలు.

పూలకుండీ కింద ప్లేటులో నిలిచిన నీళ్ళని ఒక తెల్ల పింగాణీ గిన్నెలోకి తీసి, చుక్క మందు వేసి, పైన దోమతెర గుడ్డ కట్టి పెట్టాను. భూతద్దంతో చూస్తే లార్వా నోటి దగ్గర రెండు కుంచెలు ఆడుతూ కనిపిస్తాయి. వాటితోనే నీళ్ళలోని బాక్టీరియా, నాచు, కుళ్ళిన ఆకుల తునకలు నోట్లోకి తోసుకుంటుంది. మందు కూడా అదే దారిలో లోపలికి పోతుంది. కొంతసేపటికి మెలికలు మందగించాయి. తెల్లారేసరికి లార్వాలన్నీ పాలిపోయి అడుగున పడున్నాయి. అదే గిన్నెలో కామా ఆకారంలో వంకర తిరిగిన ప్యూపాలు (లార్వాకీ, రెక్కల దోమకీ మధ్య దశ) మాత్రం వేలు తగిలితే చాలు, గిర్రున పల్టీలు కొడుతూ కిందికి పోతున్నాయి. ప్యూపా దశలో దోమ ఏమీ తినదు కాబట్టి దాని మీద ఈ మందు పనిచేయదు. తర్వాత వాటిలోంచి దోమలు పుట్టి గుడ్డకి వాలాయి. మొదట వచ్చినవి మగవి, మీసాలు ఈకల్లా గుబురుగా ఉంటాయి.

పై వాటా ఆవిడ "మాస్టారూ, మీరు మందు పోశారన్నారు గానీ రాత్రి మళ్ళీ కుట్టాయండీ" అన్నారు. కుడతాయి మరి. అప్పటికే ఎగురుతున్నవీ, ప్యూపాల్లో ఉన్నవీ ఎక్కడికీ పోవు. మురుగునీటి క్యూలెక్స్ దోమైతే కిలోమీటరు అవతల నుంచి కూడా రాగలదు. డెంగీ తెచ్చే ఈడిస్ సాధారణంగా ఒకటి రెండు వందల మీటర్ల లోపే తిరుగుతుంది. అంటే ఈడిస్ విషయంలో మన ఇంటి పని మనకి నేరుగా ఫలితం ఇస్తుంది. క్యూలెక్స్ విషయంలో వీధి మొత్తం కలిసి రావాలి.

వానాకాలంలో ఈ మందుకి నేను ఐదుకి నాలుగున్నర ఇస్తాను. జూలై నుంచి అక్టోబరు దాకా ఈడిస్‌కి అన్నీ కలిసొస్తాయి. నీళ్ళు ముప్పై డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఉంటే గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా 7 నుంచి 10 రోజులు. ఆడదోమ ఎగరడానికి కావలసిన శక్తిని మగదానిలాగే పూల తేనె, మొక్కల రసాల నుంచి తెచ్చుకుంటుంది. గుడ్లకి కావలసిన ప్రొటీన్ కోసమే రక్తం. ఒకసారి కడుపు నిండితే మంచం కిందో, కర్టెన్ వెనకో రెండు మూడు రోజులు కదలకుండా కూర్చుని గుడ్లు తయారు చేసుకుంటుంది. తర్వాత వంద దాకా పెట్టి మళ్ళీ రక్తానికి బయల్దేరుతుంది. వేడి ఎక్కువైతే ఈ చక్రం ఇంకా త్వరగా తిరుగుతుంది. కాబట్టి వారం తప్పకుండా పోయాలి. ఈడిస్ లార్వా పాత్ర అడుగునా గోడలనూ గీరుకుని తినే రకం, మందేమో అడుగుకి దిగుతుంది, రెండిటికీ సరిగ్గా కుదురుతుంది. కూలర్, కుండీల ప్లేట్లు, మేడ మీద పారేసిన తొట్లు, వాడని సంపు, అన్నిట్లోనూ బాగా పనిచేసింది.

ఒక జాగ్రత్త ఉంది. ఇది గుడ్లను చంపదు. ఈడిస్ గుడ్లు నీటి అంచుకి కాస్త పైన, డ్రమ్ము గోడకి నల్లటి మసి చుక్కల్లా అంటుకుని ఉంటాయి. నీళ్ళెండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. తొలకరికి నీళ్ళు అక్కడిదాకా లేవగానే పొదుగుతాయి. అందుకే మే నెలాఖరులో డ్రమ్ములూ కూలర్లూ కొబ్బరిపీచుతో గట్టిగా రుద్ది కడగాలి. ఆ పని ఏ సీసా చేసిపెట్టదు.

రాలిన ఆకులు తీసేయడం కూడా అంతే ముఖ్యం. తిండి పుష్కలంగా దొరికిన లార్వా త్వరగా ఎదిగి పెద్ద దోమ అవుతుంది, పెద్ద ఆడదోమ ఎక్కువ గుడ్లు పెడుతుంది. తిండి కరువైతే పెరగడానికి ఎక్కువ రోజులు పడుతుంది, దోమా చిన్నదే, గుడ్లూ తక్కువే. పైగా నీళ్ళలో వేరే తిండి తక్కువైతే మన మందే ఎక్కువగా నోట్లోకి పోతుంది.

సెప్టిక్ ట్యాంకు, మురుగు కాలువ దగ్గరికొస్తే ఐదుకి ఒకటిన్నరే. అక్కడ లార్వాకి తిండికి లోటే లేదు. అంత కుళ్ళులో బీటీఐ కలిసిపోయి లోపలికి చాలా తక్కువ వెళ్తుంది. మోతాదు పెంచినా ఫలితం త్వరగా తగ్గిపోతుంది. మా వైపు ఫిబ్రవరి, మార్చిలో క్యూలెక్స్ బాధ మొదలవుతుంది. వానలుండవు, మురుగు పారదు, చిక్కబడి నిలిచిపోతుంది. వేసవిలో కాలువలకు నీళ్ళు కట్టేశాక గుంటల్లో మిగిలినవి కూడా తోడవుతాయి. బోదకాలు వ్యాపించేది ఈ దోమ వల్లే, తేలిగ్గా తీసుకోకూడదు. మురుగునీటికి బాసిల్లస్ స్ఫెరికస్ అనే ఇంకో బాక్టీరియా మందు ఉంది, క్యూలెక్స్ మీద అది నయం. ఈడిస్ మీద మాత్రం అంతగా పనిచేయదు. ఇంట్లో వాళ్ళు చేయగలిగిందల్లా ట్యాంకు గాలిగొట్టానికి నైలాన్ జాలీ కట్టి, మూత పగుళ్ళు సిమెంటుతో పూడ్చడం. దానికయ్యేది చాలా తక్కువ ఖర్చు.

మలేరియా తెచ్చే అనాఫిలిస్ లార్వా నీటి మట్టానికి సమాంతరంగా పడుకుని పైపైన తేలేదే తింటుంది. అడుగుకి దిగే ద్రవం దానికి అందదు. పొలం గుంటలూ, బావులూ ఉన్నవాళ్ళు తేలే గుళికలే అడిగి తీసుకోండి.

డిసెంబరు, జనవరిలో నేను ఎప్పుడో గానీ పోయను. నీళ్ళు చల్లబడితే లార్వా మెల్లగా తింటుంది, మెల్లగా పెరుగుతుంది, మందు కూడా ఆలస్యంగానే పట్టుకుంటుంది. అయినా మన దగ్గర దోమ పూర్తిగా ఆగదు. న్యూజెర్సీలో ఉండే మా అక్క కొడుకు గారెల్లా మధ్యలో చిల్లున్న బీటీఐ బిళ్ళలు వాడతాడు. నీళ్ళలో తేలుతూ నెల దాకా పనిచేస్తాయట. అక్కడ పగటి పొద్దు తగ్గగానే క్యూలెక్స్ ఆడదోమలు రక్తం మానేసి, తీపి రసాలు తాగి కొవ్వు పట్టించుకుని, నేలమాళిగల్లో నక్కి వసంతం దాకా గుడ్లు పెట్టకుండా ఉంటాయి. వాళ్ళకి ఆరు నెలలు సెలవు, మనకి అది లేదు.

కొనేటప్పుడు తయారీ తేదీ తప్పకుండా చూడండి. బతికున్న సరుకు లాంటిది, పాతబడేకొద్దీ పదును తగ్గుతుంది. ఎండ తగిలే కిటికీలో, మేడ మెట్ల గదిలో పెట్టకండి. నాకు ఆన్‌లైన్లో మొదట వచ్చిన సీసా గడువుకి దగ్గరపడింది, అడిగితే మార్చి ఇచ్చారు. పోసేముందు బాగా గిలక్కొట్టండి, చిక్కదనమంతా అడుగున పేరుకుంటుంది. ఎండ పడే తొట్టిలో సాయంత్రం పోస్తే మేలు, ఎండకి స్ఫటికాలు చెడిపోతాయి. చిన్న కుటుంబానికి లీటరు సీసా ఎక్కువే. పక్కింటివాళ్ళతో కలిసి జూన్ చివర్లో ఒకటి కొని పంచుకుంటే సీజన్‌కి సరిపోతుంది, ఈడిస్ తిరిగే దూరంలో ఉన్న ఇళ్ళన్నిటికీ ఒకేసారి మందు పడుతుంది.