పార్కింగ్‌కి 62 డాలర్లు, పిల్లితో కూర్చున్న బావగారు ఉచితం

వాషింగ్టన్‌లో మమ్మల్ని హోటల్ గది కన్నా దాని పార్కింగే ఎక్కువ ఏడిపించింది. రాత్రికి 45 డాలర్లని రాసుంది, డౌన్‌టౌన్ కదా, సరే అనుకున్నాం. తీరా వెళ్లాక మా మినీవ్యాన్ ‘ఓవర్‌సైజ్’ అట, 62 కట్టాలట. న్యూజెర్సీలో పిల్లలున్న తెలుగువాళ్లు సగంమంది నడిపే బండి అది, లారీ ఏం కాదు! వ్యాలే తప్ప వేరే దారి లేదు, తాళాలు వాళ్ల చేతిలో పెట్టాల్సిందే, పొద్దున బండి తెమ్మంటే నలభై నిమిషాలు వాకిట్లో నిలబెట్టారు, పైగా టిప్పు 5. మేనేజరు కంప్యూటర్లోంచి తల కూడా ఎత్తలేదు. గదిలో కెటిల్ లేదు. కింద కాగితం గ్లాసుడు నీళ్ల కాఫీ 6 డాలర్లు అనేసరికి అత్తయ్యగారు “ఐదొందల రూపాయలా!” అని ముట్టుకోనే లేదు, మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు కూడా. అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లు వర్జీనియా వైపు మెట్రో స్టేషన్‌కి దగ్గరగా దిగి, బండి అక్కడే వదిలేసి రైల్లో రండి.

క్యాపిటల్, లింకన్ మెమోరియల్ అందరూ చూసేవే, బాగున్నాయి, ఎండ మాత్రం చంపింది.

ఏసీ కోసం గ్యాలరీ ప్లేస్ స్టేషన్ దగ్గరున్న స్మిత్‌సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియంలో దూరాం. టికెట్ లేదు. అక్కడ సిసిలియా బో గీసిన ‘మ్యాన్ విత్ ద క్యాట్’ ముందు అత్తయ్యగారు ఆగిపోయారు. 1898 నాటి ఆయిల్ పెయింటింగ్, సుమారు నాలుగడుగుల ఎత్తు. తెల్ల సూటు పెద్దమనిషి కుర్చీలో కూర్చుని ఉంటాడు, ఒళ్లో నారింజ రంగు పిల్లి. ఆయన హెన్రీ స్టర్జిస్ డ్రింకర్, లాయరు, తర్వాత లీహై యూనివర్సిటీ ప్రెసిడెంటయ్యాడు, చిత్రకారిణికి స్వయానా అక్క భర్త. అది చెప్పగానే అత్తయ్యగారు ఆ రోజు మొదటిసారి నవ్వారు. “బావగారా! అందుకేనా ఆ దర్జా!” మా ఆయనకి పిల్లి నచ్చింది. నేను మాత్రం ఆ సూటు దగ్గరే ఉండిపోయాను, దూరం నుంచి ఉత్త తెలుపు, దగ్గరికెళ్తే మడతల్లో నీలాలు, పసుపులు, ఏ గీతా భయపడుతూ గీసింది కాదు.

ఈ సిసిలియా బో ఫిలడెల్ఫియా మనిషి, 1855లో పుట్టింది. 1895లో పెన్సిల్వేనియా అకాడమీ అనే ఆర్ట్ స్కూల్లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది, అక్కడ పూర్తికాలం ఉద్యోగం దొరికిన మొదటి మహిళ ఈవిడే. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక ఆ యుద్ధం నడిపిన పెద్దల బొమ్మలు వేసే పని కూడా ఈవిడకి దక్కింది, 1920 నాటి క్లెమెన్సో చిత్రం ఈ మ్యూజియందే. ఆయన ఫ్రాన్స్ ప్రధానే కావచ్చు, నా ఓటు పిల్లాయనకే.

ఒక సంగతి, ఈ మ్యూజియం 11:30కి గానీ తెరవరు, పొద్దున్నే వెళ్తే గుమ్మం బయటే. సాయంత్రం 7 దాకా ఉంటుంది కాబట్టి మండుటెండ వేళ ఇక్కడికి రండి. మధ్యలో గాజు కప్పు వేసిన పెద్ద కోర్ట్‌యార్డ్ ఉంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎంతసేపు కూర్చున్నా మమ్మల్నైతే ఎవరూ లేవమనలేదు. నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ కూడా ఆ భవనంలోనే, ప్రెసిడెంట్ల బొమ్మలన్నీ అటువైపు. మా ఆయన అక్కడ ఒబామా పక్కన ఫోటో దిగి వచ్చాడు, పార్కింగ్ బిల్లు ఊసెత్తలేదు.