పదేళ్లుగా ఎగ్జిబిషన్‌లో తింటున్నాం: విజయనగరం పండగ మైదానంలో ఏది తినొచ్చు, ఎప్పుడు తినొచ్చు

పైడితల్లి అమ్మవారి పండగకి విజయనగరంలో ఎగ్జిబిషన్ మొదలైందంటే, మా ఇంట్లో మూడు నాలుగు రాత్రుళ్లు పొయ్యి వెలగదు. 2014లో, హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఆ అక్టోబరులోనే, మా పెద్దమ్మాయిని చంకనేసుకుని మొదటిసారి వెళ్లాను. అప్పుడు దానికి రెండేళ్లు. ఇప్పుడు ఎనిమిదో తరగతి, జెయింట్ వీల్ ఎక్కి పైనుంచి నాకు చెయ్యి ఊపుతోంది. కరోనా రెండేళ్లూ తీసేస్తే పది పండగలు తిన్నాం అక్కడ. అక్కడ మంచి తిండి నిజంగా ఉంది. కానీ గేటు దగ్గర, లైట్లు జిగేలుమనే చోట దొరకదు. వెతుక్కోవాలి, వేళ చూసుకోవాలి.

ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు గానీ బయటివాళ్ల కోసం ఒక మాట. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం సిరిమానోత్సవం. ముందురోజు సోమవారం తొలేళ్లు. మంగళవారం మధ్యాహ్నం దాటాక, మూడు లాంతర్ల కూడలి దగ్గరున్న అమ్మవారి చదురుగుడికీ కోటకీ మధ్య సిరిమాను, అంటే కొసన పూజారి కూర్చునే పొడవాటి మాను, మూడుసార్లు తిరుగుతుంది. శ్రీకాకుళం పల్లెల నుంచీ, ఒడిశా వైపు నుంచీ కూడా జనం వస్తారు. సిరిమాను చూసిన జనమంతా సాయంత్రానికి ఎగ్జిబిషన్ మీద పడతారు. అందుకే తిండి కోసం వెళ్లేవాళ్లు ఆ మంగళవారం వెళ్లొద్దు. మేం మొదటి మూడేళ్లూ అదే రోజు వెళ్లాం. నూనె కాగేదాకా ఆగే తీరిక ఆ రోజు ఏ బండి దగ్గరా ఉండదు. మిరపకాయ బజ్జీ పైన ఎర్రగా కనిపిస్తుంది, కొరికితే లోపల పిండి పచ్చిగా పళ్లకి అంటుకుంటుంది.

పండగ దాటిన తర్వాతి వారం, సోమవారం నుంచి గురువారం లోపు, సాయంత్రం ఆరింటికల్లా మైదానంలో ఉండండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. ఆరింటికి కళాయిలో నూనె అప్పుడే పోసి ఉంటుంది. ఉల్లిపాయలు అప్పుడే తరుగుతుంటారు. ఏడున్నర దాటితే లైన్లు మొదలవుతాయి, తొమ్మిదింటికి అదే నూనె నల్లబడుతుంది. మనం వేయించిన నూనెలో పేరుకునే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ నిబంధన పెట్టింది. మైదానంలో నిలబడి మనం దాన్ని కొలవలేం. కళ్లతో చూడగలం. బజ్జీ తీసేశాక కూడా నూనె మీద సన్నటి నురగ పోకుండా నిలబడితే, కళాయి అంచు చుట్టూ బంక కట్టి ఉంటే, పిండి వెయ్యకముందే పొగ వస్తుంటే, నేను ఆ బండి దగ్గర ఆగను. పిల్లలు ఎంత మారాం చేసినా సరే.

ఇప్పుడు అసలు తిండి సంగతి. నా ఓటు టమాటా బజ్జీకి. మన ఉత్తరాంధ్రలో దీన్ని చేసినట్టు ఇంకోచోట చెయ్యరని నా నమ్మకం. మేం వెళ్లే బండి ఒక పెద్దావిడది. మైదానం ఏటా ఒకేలా ఉండదు, ఆమె చోటూ మారుతుంది, అందుకని ముందు ఒక చుట్టు తిరిగి ఆమెను పట్టుకుంటాం. చిన్న, గట్టి నాటు టమాటాలు తెస్తుంది. శనగపిండి జారులో ముంచి ఒకేసారి ఆరో ఏడో వేస్తుంది, అంతకు మించి వెయ్యదు. తీసిన బజ్జీని అరచేతిలో పెట్టుకుని కత్తితో అడ్డంగా కోస్తే లోపలి నుంచి ఆవిరి తన్నుకొస్తుంది. లోపల మెత్తబడిన గుజ్జుని చెంచాతో కాస్త కదిపి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర, వేయించిన వేరుశెనగపప్పు, కార్న్‌ఫ్లేక్స్ మిక్చరు కూరి, పైన కారం, ఉప్పు, అరచెక్క నిమ్మరసం పిండుతుంది. వేడి, పులుపు, కరకర అన్నీ ఒక్కసారే నోట్లోకి వస్తాయి. రెండు నిమిషాలు ఆగితే మిక్చరు మెత్తబడిపోతుంది, కాబట్టి అక్కడే నిలబడి తినాలి. ప్లేటుకి రెండు. పోయినేడాది ప్లేటు యాభై రూపాయలు ఇచ్చాం.

పోయినేడాది మేం పది రోజులు ఆలస్యంగా వెళ్లాం. చూడగానే ఆ పెద్దావిడ "ఏటమ్మా, ఈయేడు లేటయిపోనారు" అంది. "మా మావయ్యగారికి ఒంట్లో బాగోలేదు పిన్నీ" అంటే, అడక్కుండానే కారం వెయ్యకుండా రెండు బజ్జీలు కట్టి ఇచ్చింది, ఇంటికి తీసుకెళ్లమని. ఇంటికి వచ్చేసరికి అవి చల్లారిపోయి మెత్తబడ్డాయి. అయినా మా మావయ్య ఇష్టంగా తిన్నారు.

రెండోది మాకు తెలిసింది అనుకోకుండా. 2017 పండగప్పుడు కొలంబస్ దగ్గర, అదే పడవలా ఊగే రైడు దగ్గర, మా ఆయన టికెట్ల లైన్లో ఉంటే, కడ్డీలు బిగించే కుర్రాణ్ణి అడిగాను, "బాబూ, మీరంతా ఎక్కడ తింటారు?" అని. "మేం తినేది అటు అక్కా, జనరేటరు దాటాక" అని చెయ్యి చూపించాడు. వెళ్లి చూస్తే ఒక రేకుల షెడ్డు, ఒక భార్యాభర్తలు, రెండు పొయ్యిలు. బోర్డు లేదు, రంగు లైట్లు లేవు. ఇడ్లీ, ఉల్లి అట్టు, గుడ్డు అట్టు, రాత్రి ఎనిమిది తర్వాత అన్నం, పప్పుచారు, ఒక వేపుడు. రైడ్లు నడిపేవాళ్లు, గాజుల కొట్లవాళ్లు, మృత్యుకూపంలో బండి తోలేవాళ్లు అందరూ అక్కడే తింటారు. నెల రోజుల పాటు రోజూ అదే తిని మళ్లీ పొద్దున్న పనిలోకి దిగాలి వాళ్లు. అక్కడ తిండి బాగోకపోతే రెండో రోజుకే ఎవరూ రారు. అప్పటి నుంచి ఎగ్జిబిషన్లో ఎక్కడికెళ్లినా నా మొదటి ప్రశ్న అదే. శ్రీకాకుళంలో రథసప్తమికి అరసవల్లి వెళ్లినప్పుడు కూడా బొమ్మల కొట్టాయన్ని అలాగే అడిగాం, మంచి పెసరట్టు దొరికింది.

ఆ షెడ్డులో అట్టు గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. పెనం మీద నీళ్లు చిలకరించి, ఉల్లిపాయ సగం చెక్కతో రుద్ది, గరిటెడు పిండి పలచగా తిప్పుతుంది ఆవిడ. చట్నీ వేరుశెనగది, నీళ్లగా ఉండదు. మా చిన్నబ్బాయి బయట ఎక్కడా అన్నం ముట్టడు, అక్కడి పప్పుచారుతో మాత్రం రెండుసార్లు కలిపించుకుంటాడు. పిల్లలతో వెళ్లేవాళ్లకి అంతకంటే నిశ్చింత ఏముంటుంది!

ఇక చెడ్డ సంగతి. 2019లో ఒక స్టాల్లో, పేరు అనవసరం, గోబీ మంచూరియా, నూడుల్స్ తిన్నాం. రాత్రి తొమ్మిది దాటింది, పిల్లలు ఆకలంటున్నారు, ఖాళీగా ఉన్న స్టాలు అదొక్కటే. ఖాళీగా ఎందుకుందో ఆ క్షణాన ఆలోచించలేదు. గోబీ అంతకుముందే వేయించి ట్రేలో పోసి ఉంది, దాన్ని ఎర్రటి సాసులో తిప్పి ఇచ్చాడు. రాత్రి రెండింటికి చిన్నవాడికి వాంతులు మొదలయ్యాయి. వాడికి అప్పటికి మూడేళ్లు. తెల్లవారేలోపు నాలుగుసార్లు అయ్యేసరికి కళ్లు లోపలికి పోయాయి, ఆస్పత్రిలో సెలైన్ పెట్టారు. ఆ పూట నేను పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను. మర్నాడు మా ఆయన వెళ్లి అడిగితే "అంతమంది తిన్నారు సార్, మీకొక్కరికే అయిందా" అన్నారట. అమ్మాయి వేళ్లకి అంటిన ఎరుపు మర్నాటి సాయంత్రం దాకా పోలేదు. సబ్బుతో రుద్దినా పోని రంగు కడుపులోకి వెళ్లి ఏం చేస్తుందో అని ఆ రోజే భయం పట్టుకుంది.

ఆ భయం వట్టిది కాదని తర్వాత తెలిసింది. పీచుమిఠాయిలో రోడమిన్ బి అనే బట్టలకద్దే రంగు దొరకడంతో 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం అలాంటి పీచుమిఠాయి అమ్మకాన్ని నిషేధించింది. ఆ మరుసటి నెల కర్ణాటక, గోబీ మంచూరియాలో, పీచుమిఠాయిలో కృత్రిమ రంగులు వాడకూడదని ఆదేశాలిచ్చింది. మా పిల్లలకి పీచుమిఠాయి మాన్పించలేదు నేను. ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్లి అది వద్దనడం పసివాళ్లకి అన్యాయం. మిషన్ ఉన్న బండి దగ్గరికి వెళ్లి "రంగు వెయ్యకుండా ఉత్తి పంచదారతో చుట్టివ్వు బాబూ" అంటాను. చుట్టి సంచుల్లో కట్టి కర్రకి వేలాడదీసినవి కొనను. తెల్లటిది దూదిలా వస్తుంది, రుచిలో తేడా ఏమీ లేదు. ఇప్పుడు పిల్లలే అడిగి తెల్లది చేయించుకుంటున్నారు.

చెరుకురసం కూడా తాగొచ్చు, ఐసు లేకుండా. తినడానికి పనికిరాని ఐసుకి నీలం రంగు కలపాలని 2018లో నిబంధన వచ్చింది, తినే ఐసు రంగు లేకుండా ఉండాలి. కానీ గోనెసంచిలో చుట్టి, నేలమీద పెట్టి సుత్తితో కొట్టే ఐసు తెల్లగా ఉన్నా నాకు నమ్మకం లేదు. గడ సగానికి మడిచి, మధ్యలో అల్లం ముక్క, నిమ్మచెక్క పెట్టి నా ఎదురుగా తీస్తేనే తాగుతాను. మంచినీళ్లు ఇంటినుంచే. రెండు లీటర్ల స్టీలు బాటిలు, నలుగురికీ సరిపోతుంది.

ఢిల్లీ అప్పడం చూడ్డానికి పెద్దది, పిల్లలకి సరదా, అంతే. ఐస్‌క్రీం కంపెనీ కప్పుల్లోదైతే ఫర్వాలేదు. మొక్కజొన్న పొత్తు బొగ్గుల మీద కాల్చింది ఎప్పుడు తిన్నా మోసం లేదు. ముంత మసాలా బాగుంటుంది గానీ టమాటాలు ముందే తరిగి పెట్టుకున్న బండైతే వద్దు.

రైడ్లు ముందు, తిండి తర్వాత. ఇది మాత్రం ఎవరూ పాటించరు. కొలంబస్ ఊగేటప్పుడు కళ్లు చెప్పేది ఒకటి, లోపలి చెవి చెప్పేది ఇంకొకటి. ఆ రెండూ పొసగక తల తిరిగి కడుపులో తిప్పుతుంది. పొట్ట నిండా నూనెవస్తువులుంటే మరీ. మేం ఆరింటికి వెళ్లగానే ఒక్కో బజ్జీ తినేసి గాజుల కొట్లు, బొమ్మల కొట్లు తిరుగుతాం. గంట పోయాక రైడ్లు. ఎనిమిది దాటాక షెడ్డులో భోజనం. మరీ ఖాళీ కడుపుతో ఎక్కినా మా అమ్మాయికి వికారమే, అందుకే ఆ ఒక్క బజ్జీ.

వచ్చేటప్పుడు జీళ్లు కొనకుండా ఎప్పుడూ రాలేదు. మా చిన్నప్పుడు చీపురుపల్లిలో కూడా తీర్థమంటే, అదే జాతరంటే, జీళ్లే. ఈ ఎగ్జిబిషన్లో ఒకాయన ఇంకా చేత్తో లాగుతాడు. బెల్లం పాకం ముదిరాక నూనె రాసిన పళ్లెంలో పోసి, చెయ్యి పెట్టగలిగేంత వేడికి రాగానే ముద్ద చేసి, గుంజకి కొట్టిన పెద్ద మేకుకి తగిలిస్తాడు. లాగుతాడు, మడిచి మళ్లీ మేకుకి వేస్తాడు, మళ్లీ లాగుతాడు. మొదట మట్టి రంగులో ఉన్న ముద్ద, గాలి కలిసే కొద్దీ లేత బంగారు రంగుకి తిరుగుతుంది, తాడు మీద పట్టుదారంలా మెరుపు వస్తుంది. చేతులు ఎర్రగా కందిపోయి ఉంటాయి ఆయనకి. తర్వాత నువ్వుల్లో దొర్లించి కత్తెరతో టకటకా కత్తిరిస్తాడు. వేడిగా ఉన్న ముక్క పంటికింద సాగుతుంది, చల్లారాక పటుక్కుమని విరుగుతుంది. మా పిల్లలిద్దరూ రైడ్లు దిగాక నేరుగా అక్కడికే వెళ్లి, పూర్తి అయ్యేదాకా గుడ్లప్పగించి చూస్తారు. పక్కనే ప్యాకెట్లలో యంత్రం మీద చేసినవి తక్కువకి దొరుకుతాయి. పది రూపాయలు ఎక్కువైనా ఆయన దగ్గరే కొనండి, ఆ పని చేసేవాళ్లు మన వైపు తగ్గిపోతున్నారు.

అరకేజీ కొంటే అందులో సగం మా నాన్నకి చీపురుపల్లి పంపిస్తాను. అక్టోబరు తేమకి జీళ్లు తొందరగా చెమ్మగిల్లి ఒకదానికొకటి అంటుకుపోతాయి, కాగితం పొట్లంలో ఉంచకండి. ఇంటికి రాగానే స్టీలు డబ్బాలో పోసి మూత గట్టిగా పెట్టండి.