ఫించ్‌లకు ఏది మేలు: గింజలా, పెల్లెట్లా, మొలకలా?

"ఒరేయ్, గిన్నె నిండుగానే ఉందిగా, మళ్లీ పోస్తావేం?" అంది మా అమ్మ. గిన్నె మీద ఉఫ్‌మని ఊదాను. పైనున్నదంతా ఎగిరిపోయి అడుగున నాలుగు గింజలు తేలాయి. ఫించ్ అనే ఈ బుల్లి పంజరం పక్షి గింజను ముక్కుతో ఒలిచి, లోపలి పప్పు తిని, పొట్టు అక్కడే వదిలేస్తుంది. చెన్నై పెరంబూరులో మా వరండాలో రెండు జతల జీబ్రా ఫించ్‌లున్నాయి. ఒక్కోటి 12 గ్రాములకు అటూ ఇటూ. అంత చిన్న ప్రాణానికి ఒక్కరోజు పస్తు కూడా ప్రమాదమే.

గింజల సంగతి చూద్దాం. వీటి పుట్టిల్లు ఆస్ట్రేలియా, అక్కడ తినేది ఎక్కువగా గడ్డి గింజలే. కాబట్టి పల్లావరం శుక్రవారం సంతలోనో, పక్షుల షాపులోనో దొరికే కొర్రలు, వరిగలు, సామలు వాటికి సొంత తిండిలాంటివే. పొట్టుతో ఉన్నవే కొనండి. కిరాణా కొట్టులోని కొర్రబియ్యం త్వరగా ముక్కిపోతుంది. గింజలు తాజావో కావో తెలియాలంటే చిటికెడు నానబెట్టి చూడండి, మొలకెత్తకపోతే పాత సరుకే.

అయితే ఎండు గింజల్లో కాల్షియం, విటమిన్ ఎ చాలా తక్కువ. మొదటి ఏడాది నాకిది తెలియదు. గింజలు తప్ప ఇంకేమీ పెట్టలేదు. ఒక పొద్దున ఆడపక్షి ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుంది. గుడ్డు లోపలే ఇరుక్కుపోయింది. కాల్షియం చాలకపోతే ఇలా అవుతుందని తెలిసేసరికి అది లేదు. అప్పటి నుంచి ఊచలకు ఎప్పుడూ ఒక కటిల్‌బోన్ కట్టి ఉంటుంది. ఇక్కడి జాలర్లు కణవాయ్ అనే సముద్రప్రాణి ఉంటుందే, దాని వీపులో ఉండే తెల్లటి పెంకు.

పెల్లెట్లంటే పిండిని చిన్న ఉండలుగా చేసిన రెడీమేడ్ మేత. వాటిలో అన్ని పోషకాలూ కలిపే ఉంటాయి, కాగితం మీద గెలుపు వాటిదే. కానీ గింజలకు అలవాటుపడ్డ ఫించ్ వాటిని తిండి అనే అనుకోదు. నేనొకసారి పొద్దున పెల్లెట్లు మాత్రమే పెట్టి చూశాను. మధ్యాహ్నం దాకా ఒక్కటీ ముట్టలేదు. టెన్షన్ భరించలేక మళ్లీ గింజలు పోశాను. చిన్నప్పటి నుంచి పెల్లెట్ల మీద పెరిగిన పక్షులైతే వేరే మాట.

నాకు నచ్చింది మొలకలు. రాత్రి కొర్రలు నానబెట్టి, పొద్దున కడిగి వడకట్టి, తెల్లటి మొన కనబడగానే జతకు అర చెంచా. చెన్నై ఉక్కలో మధ్యాహ్నానికే జిగురొచ్చి పులిసిన వాసన కొడతాయి, అందుకే రెండు గంటల్లో తీసేస్తాను. పిల్లల్ని పెంచే రోజుల్లో ఉడికించిన గుడ్డు మెదిపి పెడతాను, దానికీ అదే గడువు. ఆకుల్లో పాలకూర కన్నా మునగాకు మేలు. పాలకూరలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. మునగరెమ్మ ఊచలకు గుచ్చితే నాలుగూ కొట్టుకుంటూ పీకుతాయి.

నా లెక్కలో రోజూ గింజలే, కటిల్‌బోన్ ఎప్పుడూ, మునగాకూ మొలకలూ వారానికి మూడు నాలుగు సార్లు. పెల్లెట్లకు పెట్టే డబ్బు గుడ్లకు పెట్టండి. ఉద్యోగం వల్ల పొద్దున పెట్టింది తీయడానికి ఇంట్లో ఎవరూ లేకపోతే మొలకలు మానేసి మునగాకుతో సరిపెట్టండి.

కొత్తగా జత తెచ్చుకుంటే మాత్రం, అమ్మినవాడు ఏం పెడుతున్నాడో అడిగి అదే ఓ అరకిలో కొనుక్కురండి. మార్పులన్నీ పది రోజుల తర్వాత.