సీల్డ్ బాక్స్‌లో పాత హ్యాండ్‌హెల్డ్ పంపారు, కొనేవాళ్లు జాగ్రత్త

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. కోపం చల్లారాక రాస్తే సగం మర్చిపోతానని వెంటనే రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

సెల్లర్ పేరు రాయను. "పగలు ఆఫీసు, రాత్రి గేమ్స్, రెండింటికీ ఒకటే మెషిన్" అని అందరి ఫోన్లలోనూ తిరుగుతోందే, ఆ ప్రకటన వాళ్లదే. హ్యాండ్‌హెల్డ్ అంటే చేతిలో పట్టుకుని గేమ్స్ ఆడే చిన్న కంప్యూటర్: ఏడంగుళాల స్క్రీన్, అటూ ఇటూ కంట్రోలర్, లోపల పూర్తి విండోస్. కీబోర్డు, మౌస్ తగిలిస్తే ఎక్సెల్ పని, తీసేస్తే గేమ్స్. ప్రయాణాల్లో లాప్‌టాప్ మోయలేక నేను వెతుకుతున్నది సరిగ్గా ఇలాంటిదే. పేరున్న కంపెనీలవి నా బడ్జెట్‌కి అందలేదు, ఇది అందింది.

డబ్బు కట్టేముందు చాట్‌లో రెండుసార్లు అడిగాను, "ఇది కొత్తదేనా, రిఫర్బిష్డ్ కాదు కదా?" అని. రెండుసార్లూ ఒకటే జవాబు: "బ్రాండ్ న్యూ, సీల్డ్ పీస్ సర్." నమ్మాను.

బాక్స్ వచ్చింది. సీల్ ఉంది, స్క్రీన్ మీద ప్లాస్టిక్ పొర కూడా ఉంది. ఆన్ చేస్తే విండోస్ కొత్త మెషిన్‌లో అడిగే ప్రశ్నలన్నీ అడిగింది. ఇక అనుమానం ఎక్కడినుంచి వస్తుంది? కానీ ఒకటి మాత్రం ఆ రోజే కంటపడింది. ఎడమ జాయ్‌స్టిక్ రబ్బరు నున్నగా మెరుస్తోంది. కుడిదాని మీద గరుకు గీతలు అలాగే ఉన్నాయి. రెండు బొటనవేళ్లూ పెట్టి చూస్తే తేడా తెలిసిపోతోంది. వెనక ఒక స్క్రూ తల మీద స్క్రూడ్రైవర్ జారిన గీత. ఇవన్నీ చూసి కూడా ఊరుకున్నాను. కొత్త వస్తువు వచ్చిన సంబరంలో అడగాల్సింది అడగలేదు. ఆ తప్పు నాదే, దానికి ఇప్పటికీ మనసు పీకుతోంది.

రెండో రోజు క్లయింట్‌తో కాల్‌లో ఉన్నాను. బ్యాటరీ 34 శాతం అని చూపిస్తోంది. చూస్తుండగానే స్క్రీన్ నల్లబడిపోయింది. అరగంట నుంచి ఎక్కిస్తున్న లెక్కలు పోయాయి, కాల్ తెగిపోయింది. అవతలి మనిషికి నేను ఏమని చెప్పుకోవాలి?

ఆ రాత్రి బ్యాటరీ రిపోర్ట్ తీశాను, బ్యాటరీ ఎంత అరిగిందో విండోసే చూపించే లెక్క అది. డిజైన్ కెపాసిటీ, అంటే కొత్తప్పుడు పట్టాల్సింది, 38,000 మిల్లీవాట్ అవర్లు (38 వాట్ అవర్లు). ఇప్పుడు ఫుల్ చార్జ్ చేస్తే పట్టేది 24,310. ఆ కిందే సైకిల్ కౌంట్ 341.

మూడుసార్లు చదివాను. ఒక సైకిల్ అంటే బ్యాటరీ సామర్థ్యమంతా ఒకసారి ఖర్చయినట్టు లెక్క. రోజుకొకటి చొప్పున వేసుకున్నా 341 సైకిళ్లకు 11 నెలలు పైగా పడుతుంది. నా చేతికొచ్చి రెండు రోజులు! ఎవరో ఏడాదిపాటు వాడి పడేసిన మెషిన్‌ని తుడిచి, విండోస్ మళ్లీ ఎక్కించి, ప్లాస్టిక్ పొర అంటించి నాకు అంటగట్టారు. విండోస్‌ని చెరిపేస్తే పాత వాడకం ఆనవాళ్లు పోతాయి కానీ, బ్యాటరీలో ఉండే చిప్ తన లెక్క తను దాచుకుంటుంది. వాళ్లు అది మర్చిపోయారు.

38 వాట్ అవర్లంటే నేను తక్కువనుకోలేదు. 2022లో వచ్చిన మొదటి స్టీమ్ డెక్‌లో (వాల్వ్ కంపెనీ హ్యాండ్‌హెల్డ్) ఉన్నది 40, ఆ తర్వాత 2023లో వచ్చిన ఓఎల్‌ఈడీ మోడల్‌లో 50. గేమ్ ఆడేటప్పుడు మెషిన్ మొత్తం 20 వాట్లు లాగితే 38తో రెండు గంటలకు కాస్త తక్కువ వస్తుంది. 24తో గంటా పావు కూడా కష్టమే. పైగా అరిగిన బ్యాటరీ మీద లోడ్ పడితే వోల్టేజ్ ఒక్కసారిగా పడిపోయి, శాతం ఇంకా కనిపిస్తుండగానే మెషిన్ ఆగిపోతుంది. నాకు జరిగింది అదే.

ఇక ఈ రోజు ఫోన్ సంగతి. సెల్లర్‌కి రిపోర్ట్ వాట్సాప్‌లో పంపించి కాల్ చేశాను. మొదట, "బ్యాటరీ అన్నాక అరుగుతుంది సర్, మీరు రాత్రంతా గేమ్స్ ఆడుంటారు" అన్నాడు. రెండు రోజుల్లో 341 సైకిళ్లా అని అడిగాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "ఆ రిపోర్ట్ మీరే ఎడిట్ చేసి పంపలేదని గ్యారంటీ ఏంటి?" అన్నాడు. నన్ను! డబ్బు కట్టినవాణ్ని, పని పోగొట్టుకున్నవాణ్ని, దొంగ కాగితం పుట్టించానంటాడా? వీడియో కాల్ చెయ్యి, నీ ఎదురుగానే మళ్లీ తీస్తానన్నాను. అప్పుడు నవ్వాడండి. నవ్వి, "ఈ రేటుకి కొత్తది ఎవరిస్తారు సర్, మీకు తెలీదా?" అన్నాడు.

అంటే పాతదని వాడికి మొదటినుంచీ తెలుసు. చాట్‌లో బ్రాండ్ న్యూ అని రాసినప్పుడూ తెలుసు, రెండోసారి అడిగినప్పుడూ తెలుసు. పాతదని చెప్పి అమ్మితే నేనే ఆలోచించుకుని కొనేవాణ్ని, అందులో తప్పేం లేదు. డబ్బు పోయినదానికంటే ఆ నవ్వే ఎక్కువ మండుతోంది. రిటర్న్ అడిగితే "సీల్ తీశాక తీసుకోం" అని పెట్టేశాడు.

ఆర్డర్ పెట్టిన ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్‌లో కంప్లైంట్ పెట్టాను. చాట్ స్క్రీన్‌షాట్లు, రిపోర్ట్, జాయ్‌స్టిక్ ఫోటోలు అన్నీ జతచేశాను. ఏమవుతుందో చూడాలి.

కొనబోయేవాళ్లకు: బాక్స్ తెరిచేది మొదటినుంచీ వీడియో తీయండి. చార్జింగ్ పోర్ట్, స్క్రూలు, స్టిక్‌లు దగ్గరగా చూడండి. మెషిన్ ఆన్ అవ్వగానే కమాండ్ ప్రాంప్ట్‌లో powercfg /batteryreport అని కొట్టి బ్యాటరీ రిపోర్ట్ తీయండి, నిమిషం పని. డిజైన్ కెపాసిటీకీ ఫుల్ చార్జ్ కెపాసిటీకీ మధ్య పెద్ద తేడా ఉన్నా, సైకిల్ కౌంట్ వందల్లో ఉన్నా అది కొత్తది కాదు. కొన్నింట్లో సైకిల్ కౌంట్ దగ్గర ఖాళీగా ఉంటుంది, అప్పుడు ఆ రెండు కెపాసిటీలే పోల్చి చూడండి. ర్యామ్ కూడా అడిగి తెలుసుకోండి, వీటిలో చాలావరకు బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోలేరు.

ఇప్పటికే వాళ్ల దగ్గర కొన్నవాళ్లుంటే ఈ రాత్రే రిపోర్ట్ తీసి చూడండి, రిటర్న్ గడువు దాటకముందే. అంకెలు తేడాగా ఉంటే కింద రాయండి, అందరం కలిసి కంప్లైంట్ పెడదాం.