ఉప్పుటేరు అవతల ఒక పూట

మోకాలి లోతు బురదలో నిలబడ్డాను. ఒక చేతిలో నీళ్ల క్యాను, ఇంకో చేతిలో మేనల్లుడి చెయ్యి. "మావయ్యా, నీ కాలికి ఒక చెప్పే ఉందేంటి?" అన్నాడు వాడు. రెండోది అప్పటికే బురద మింగేసింది. పడవ మాకు యాభై అడుగుల వెనక ఇసుకలో కూరుకుపోయి ఉంది. పడవ తాత మాత్రం బీడీ ముట్టించుకుని, "సెప్పినాను కదా బావూ, పదకొండు దాటితే ఏరు తీసేస్తాదని," అన్నాడు. ఏరు తీయడమంటే నీళ్లు వెనక్కి పోవడం. నిజమే, చెప్పాడు. మేమే ఇంకో పావుగంట, ఇంకో పావుగంట అంటూ అవతలి ఒడ్డున ఫోటోలు తీసుకుంటూ ఉండిపోయాం.

అది పోయిన డిసెంబరు మాట. మళ్లీ ఫిబ్రవరిలో వెళ్లాం. ఈసారి దారి, తిండి, లాడ్జి అన్నీ తర్వాత చూసుకోవచ్చని, ముందు తిరుగు పడవ సంగతి తేల్చుకున్నాం.

చోటు శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో, భావనపాడు వైపు. నౌపడ ఉప్పు మళ్లు దాటాక సముద్రానికీ ఊళ్లకీ మధ్య ఉప్పుటేరు వస్తుంది. ఏటికి అవతల సన్నటి ఇసుక దిబ్బ, దాని అవతల సముద్రం. దిబ్బ మీద నిలబడితే ఒక పక్క అలల హోరు, ఇంకో పక్క కదలని నీళ్లు. నీడ కావాలంటే మొగలి పొదలే గతి. కొట్టు, కుళాయి, బల్ల లాంటివేవీ ఉండవు.

ఈ దిబ్బ ఏటేటా ఒకేలా ఉండదు. మన తీరంలో అలలు ఏటవాలుగా తగిలి, ఏడాది మొత్తం మీద ఇసుకను ఉత్తరం వైపే ఎక్కువగా తోస్తాయి. ఏరు సముద్రంలో కలిసే చోట ఆ ఇసుకే మేట వేసి తోకలా సాగుతుంది. తుఫాను వస్తే ఒక్క రాత్రిలో తెగుతుంది. భావనపాడులో చేపల రేవు కట్టినా ఇసుక మేటతో పూడిపోయింది. అందుకే ఫోన్లో మ్యాపు చూసి 'ఇక్కడ నడిచి దాటొచ్చు' అని లెక్కలు వేయకండి. ఆ మ్యాపు ఫోటో తీసిన నాటికి ఏరు సముద్రంలో కలిసే మొగ ఒకచోట ఉండొచ్చు, మీరు వెళ్లేనాటికి ఇంకోచోట ఉండొచ్చు. ఊళ్లో అడగడమే మేలు.

ఇక ఆటుపోట్లు. రోజుకు రెండు పోట్లు (నీళ్లు పెరగడం), రెండు ఆట్లు (తగ్గడం). ఇవాళ్టి పోటు కంటే రేపటిది సుమారు యాభై నిమిషాలు ఆలస్యం. అమావాస్యకీ పున్నానికీ ఏరు నిండుగా పొంగుతుంది, అంతే గట్టిగా తీస్తుంది కూడా. అష్టమి దగ్గర్లో తేడా తక్కువ. మన వైపు పెద్ద పోటుకీ ఆటుకీ మధ్య తేడా మీటరున్నర దాకా ఉంటుంది. వినడానికి అది చిన్నదే. ఈ ఏటి లోతే అంత, కాబట్టి పడవ తేలడమా కూరుకుపోవడమా అన్నది దాని మీదే ఉంటుంది. విశాఖపట్నం ఆటుపోట్ల వేళలు నెట్లో దొరుకుతాయి, ఇక్కడికీ దగ్గరగా సరిపోతాయి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం పెద్ద అలల హెచ్చరికలు ఇస్తుంది, బయలుదేరే ముందు రోజు అదీ చూసుకోండి. మొదటిసారి మేం ఇవేమీ చూడలేదు. బావ రైలు టైం ఒక్కటే చూశాడు.

రెండోసారి పంచాంగం చూసి అష్టమి మర్నాడు పెట్టుకున్నాం. ముందు రోజు సాయంత్రమే తాత దగ్గరికి వెళ్లి దాటించే వేళ, తిరిగొచ్చే వేళ మాట్లాడుకున్నాం. డబ్బులు సగం ముందు, సగం వచ్చాక. ఇది తాతే పెట్టిన పద్ధతి. మొత్తం ముందే ఇస్తానంటే వద్దన్నాడు. "మొత్తం ఇచ్చేస్తే నాను మర్సిపోతాను, సగం ఉంటే గుర్తుంటాది," అని నవ్వాడు.

బస విషయంలో మూడు చోట్లు ఆలోచించాం. శ్రీకాకుళంలో మంచి హోటళ్లున్నాయి. అయితే అక్కడి నుంచి ఈ ఏటి వైపు పట్నమైన టెక్కలి యాభై కిలోమీటర్ల పైమాట, తెల్లవారుజామునే లేవాలి. బారువ వైపు కొబ్బరి తోటల అందమే వేరు, కానీ అది ఇంకా ఉత్తరాన, వచ్చేపోయే దారి రెట్టింపు. చివరికి టెక్కలిలోనే ఒక లాడ్జిలో దిగాం. ఫోన్లో 'ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్లు' అన్నారు. పొద్దున్న అడిగితే, "హీటర్ ఉంది సార్, స్విచ్ పనిచేయదు" అన్నారు. దుప్పట్లు మాత్రం శుభ్రం. ఒక్క రాత్రికి సరిపోతుంది. పెద్దవాళ్లుంటే శ్రీకాకుళమే నయం.

విజయనగరం నుంచి మొదటిసారి ప్యాసింజర్‌లో నౌపడ జంక్షన్‌లో దిగి ఆటో ఎక్కాం. ఎక్స్‌ప్రెస్‌లు చాలావాటికి పలాసే స్టాపు. వెళ్లేటప్పుడు ఆటో దొరికింది, వచ్చేటప్పుడు ఊళ్లోంచి బయటపడడానికి గంట పట్టింది. రెండోసారి కారు. కోటబొమ్మాళి దాకా హైవే, ఆ తర్వాత చిన్న రోడ్లు. 2023 ఏప్రిల్లో శంకుస్థాపన జరిగిన మూలపేట పోర్టు కోసం తిరిగే లారీలు ఎదురవుతాయి, అక్కడ తొందర పనికిరాదు.

ఆరున్నరకు దాటాం. దిబ్బ మీద ఎవరూ లేరు. గుండ్రటి ముళ్ల బంతులు గాలికి ఇసుక మీద దొర్లిపోతున్నాయి. రావణాసురుడి మీసాలంటారు వాటిని. మేనల్లుడు ఒకదాని వెంట పరిగెత్తి, దొరికాక చేతికి గుచ్చుకుని ఏడ్చాడు. కొంచెం ముందుకెళ్తే ఇసుక మీద ట్రాక్టరు చక్రం నడిచినట్టు ఒక జాడ. నీళ్ల దగ్గర మొదలై పైకి వెళ్లి, అక్కడ ఇసుక గజిబిజిగా తవ్వి ఉండి, పక్కనుంచి మళ్లీ సముద్రంలోకే దిగిపోయింది. రాత్రి తాబేలు వచ్చి గుడ్లు పెట్టి వెళ్లిందన్నమాట. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లకు ఇదే పురిటి కాలం. గుడ్లు పిల్లలు కావడానికి నెలన్నర పైగా పడుతుంది. మా ఆవిడ ఆ చోటు చుట్టూ ఎవర్నీ నడవనివ్వలేదు. ఇంకో ఫర్లాంగు దూరంలో చచ్చిన తాబేలు ఒకటి పడి ఉంది, డిప్ప మీద ఈగలు. వలలో చిక్కి ఊపిరాడక చనిపోతాయని తాత తర్వాత చెప్పాడు.

నీళ్లలోకి చీలమండల దాకా మాత్రమే దిగాం. ఒడ్డు ఒక్కసారిగా లోతవుతుంది, నీళ్లు లోపలికి లాగడం ఎక్కువ. అక్కడ లైఫ్‌గార్డు లేడు, కేకేసినా వినేవాడు లేడు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, పులిహోర, ఒక పెద్ద గొడుగు తెచ్చుకున్నాం. గొడుగు ఇసుకలో నిలబడక గాలికి రెండుసార్లు ఎగిరిపోయింది. దానికి బదులు పాత చీర, నాలుగు కర్రలు తెచ్చుకుంటే బాగుండేది. ఇంకో మాట, మరుగు లేదు. ఆడవాళ్లుంటే టెక్కలిలోనే ఆ ఏర్పాటు చూసుకుని బయలుదేరాలి. తొమ్మిదిన్నరకే ఇసుక కాళ్లకు చురుక్కుమంది. పదింటికల్లా తాత పడవ కనిపించింది, మాట్లాడుకున్న వేళకు పది నిమిషాలు ముందే.

ఒడ్డున తాత కోడలు నెత్తళ్లు వేయించి పెట్టింది. డబ్బులిస్తే తీసుకోలేదు, పిల్లాడి చేతిలో పెట్టమంది.

మిగిలిన పూటకు తేలినీలాపురం వెళ్లాం. ఊరి చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. ఊరివాళ్లు వాటిని ఆడపడుచుల్లా చూస్తారు. సైబీరియా నుంచి వస్తాయని బోర్డుల మీద రాస్తారు గానీ, ఈ రెండు జాతులూ మన దక్షిణాసియావే, గూళ్లు పెట్టడానికి ఇక్కడికి చేరతాయి. ఎండ చల్లారాక వెళ్తే బాగుంటుంది. మేం మిట్టమధ్యాహ్నం వెళ్లాం, పక్షుల కంటే మాకే దాహం ఎక్కువైంది.

ఈ వేసవిలో మళ్లీ వెళ్దామంటున్నాడు బావ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం కాబట్టి తాత ఖాళీగా ఉంటాడని వాడి లెక్క. ఆ ఎండల్లో ఆ ఇసుక మీదికి నేను రాను. పైగా అత్తయ్య కూడా వస్తానంటోంది. ఆవిడ మోకాళ్లతో పడవ ఎక్కడం, దిగడం జరిగే పని కాదు. అత్తయ్యను కళింగపట్నం తీసుకెళ్తాను. అక్కడైతే రోడ్డు ఒడ్డు దాకా ఉంది, లైట్‌హౌస్ ఉంది, వచ్చేటప్పుడు శ్రీకూర్మం దర్శనమూ అవుతుంది.