ఇమిగ్రేషన్ లాయర్లకు ఏది మేలు: లెక్చరా, మాక్ హియరింగా?

అమెరికా ఇమిగ్రేషన్ కోర్టులో జ్యూరీ ఉండదు. జడ్జి, ప్రభుత్వ లాయరు, అవసరమైతే ఇంటర్‌ప్రెటర్, అంతే. అక్కడ వాదించడం నేర్చుకోవడానికి లాయర్లకు రెండు దారులున్నాయి: లెక్చర్ వినడం, లేదా మాక్ హియరింగ్, అంటే ఉత్తుత్తి విచారణలో వాదించి చూడటం.

లెక్చర్‌కి ఖర్చు తక్కువ, ఇంట్లో కూర్చుని వినొచ్చు. శరణు దరఖాస్తుకు ఉండే ఏడాది గడువులాంటి నిబంధనలకు అది చాలు.

సాక్షిని ప్రశ్నించడం మాత్రం వింటే రాదు. 2005 నాటి రియల్ ఐడీ చట్టం ప్రకారం, పొంతన లేని మాట కేసుకు కీలకం కాకపోయినా, దాన్ని బట్టి జడ్జి సాక్ష్యాన్ని నమ్మకపోవచ్చు. మాక్ హియరింగ్‌లో సాక్షిని ప్రశ్నించడం ఒంటబడుతుంది. "మిమ్మల్ని పోలీసులు కొట్టారు కదా?" అనగానే, జవాబు ప్రశ్నలోనే ఉందని ఎదుటి లాయరు అభ్యంతరం చెప్తారు. "ఆ రాత్రి ఏం జరిగింది?" అని మార్చి అడగాలి. అడిగాక, ఇంటర్‌ప్రెటర్ ముగించేదాకా మాట్లాడకుండా ఆగాలి. చాలామందికి ఈ ఆగడమే కష్టం!

మాక్ హియరింగ్‌కి డబ్బు, టైమ్ ఎక్కువే పడతాయి. అయినా తొలి మెరిట్స్ హియరింగ్ (కేసు అసలు విషయంపై జరిగే విచారణ) దగ్గర పడినవాళ్లకు నా ఓటు దీనికే. ప్రభుత్వం తన ఖర్చుతో లాయరును ఇవ్వని కోర్టది; క్లయింటుకు మీరే దిక్కు. రోజంతా కుదరకపోతే, ఒక్క డైరెక్ట్ ఎగ్జామినేషన్ (మన సాక్షిని మనమే ప్రశ్నించడం) అయినా వీడియో తీయించుకుని చూసుకోండి.